విలన్ పనిమంతుడైన చరిత్ర

జపాన్ యానిమేలోనూ వీడియోగేముల్లోనూ విలన్ ఎంత భయంకరుడో చెప్పడం తేలిక. ఎంత పనిమంతుడో చెప్పాలంటే మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి. కొండంత ఒళ్లు, ఊళ్లకు ఊళ్లు కాల్చేసే శక్తి, గుండెలదిరే నవ్వు ఉన్న విలన్లకు ఆ దేశంలో ఎప్పుడూ కొరత లేదు. వాళ్లలో చాలామంది ఏ పని మొదలుపెట్టినా చెడగొట్టుకునేవాళ్లే. సమర్థత శక్తి కంటే వేరైన గుణం. తన చేతిలో ఏముందో, ఎదుటివాడి చేతిలో ఏముందో ఎరిగి, ఆ కథాలోకంలో అందరినీ కట్టిపడేసే నియమాలకు తానూ లోబడి, అనుకున్నదాంట్లో ఎంతో కొంత సాధించేవాడే సమర్థుడు. ఇలాంటి విలన్‌ను ఎవరో ఒక గొప్ప రచయిత కనిపెట్టాడని తరచూ రాస్తుంటారు. నాకు ఆ మాట సరిగా తోచదు. కథను ఏ ముక్కలుగా చెబుతున్నారు, ఎవరి డబ్బుతో చెబుతున్నారు, ఓడితే నష్టం ఎవరికి అన్న లెక్కలు మారినప్పుడల్లా ఈ విలన్‌కు కొంచెం కొంచెంగా చోటు దొరికింది. ఆ లెక్కలు బిగుసుకున్నప్పుడల్లా అతను మళ్లీ దద్దమ్మ అయ్యాడు.

జపాన్ ప్రేక్షకుడికి సమర్థుడైన విలన్ టీవీతో పరిచయమైనవాడు కాదు. ఎడో కాలపు కబుకి నాటకరంగం చెడ్డ పాత్రలను తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతికి ఒక్కో నటన పద్ధతి ఏర్పరచింది. అందగాడై ఉండి నమ్మినవాళ్లను ముంచేవాడు ‘ఇరోఅకు’. 1825 నాటి యోత్సుయా దయ్యం నాటకంలో భార్యకు ద్రోహం చేసే ఇయెమోన్ ఈ కోవవాడు. ప్రభువు వంశాన్ని కూల్చి అధికారం చేజిక్కించుకోవాలని చల్లగా పథకం నడిపేవాడు ‘జిత్సుఅకు’. ఈ రెండో తరగతికి తలమానికం నిక్కి దాంజో. 17వ శతాబ్దంలో సెందాయ్ ప్రాంతపు దాతె వంశంలో నిజంగా జరిగిన అంతఃకలహం ఆధారంగా 1777లో ‘మెయిబొకు సెందాయ్ హాగి’ నాటకం పుట్టింది. అందులో నేలమాళిగ రంగం చూడాలి. కుట్రదారులంతా సంతకాలు చేసిన పత్రపు చుట్ట విధేయుల చేతిలో పడింది. అది బయటపడితే పథకం మొత్తం మట్టికొట్టుకుపోతుంది. ఒక పెద్ద ఎలుక దాన్ని నోట కరుచుకుని నేల కిందికి దూకుతుంది. అక్కడ కాపలా ఉన్న వీరుడు దాన్ని కాలితో తొక్కిపట్టి ఇనుప విసనకర్రతో నుదుటిమీద కొడతాడు. అయినా ఎలుక జారిపోతుంది. ప్రేక్షకుల మధ్యగా సాగే దారిలో ఉన్న గుంతలోకి అది మాయమై, పొగ లేస్తుంది. పొగలోంచి దాంజో పైకి వస్తాడు. నోట పత్రం, నుదుట గాయం. ఒక్క మాట మాట్లాడడు. కొవ్వొత్తుల వెలుగులో, ఎక్కడా తొందర లేకుండా నడిచి వెళ్లిపోతాడు. అయిదవ మత్సుమొతొ కొషిరో ఈ పాత్రను ఎంత గొప్పగా పోషించాడంటే, అతని కనుబొమ దగ్గరి పుట్టుమచ్చను తర్వాతి నటులు రంగుతో దిద్దుకోవడం ఆనవాయితీ అయింది.

ఆ రంగంలో దాంజో ఎవరినీ చంపడు, బెదిరించడు. తనకు ఉరితాడు కాగల కాగితాన్ని తిరిగి తెచ్చుకుంటాడు, అంతే. ఆ పనికి ఒక దెబ్బ తింటాడు, ఆ దెబ్బ గుర్తు నుదుటిమీద అందరికీ కనిపిస్తుంది. ఎలుకగా మారే మాయ తెలిసినవాడైనా ఇనుప విసనకర్ర దెబ్బ మాయం కాదు. చివరికి విచారణలో ఓడి, కత్తి దూసి చస్తాడు. అయితే ఆ అంతం దగ్గరికి చేరేలోపు విధేయుల ఇంట్లో ఒక పసివాడి ప్రాణం పోయి ఉంటుంది. రోజంతా సాగే నాటకానికి ఇంత చోటు ఉంది. విలన్ ఒక అంకంలో గెలవవచ్చు, ఇంకో అంకంలో నెత్తురు కార్చవచ్చు. కబుకి నుంచి యానిమే దాకా తిన్నగా గీత గీయాలని నేను చూడటం లేదు. విలన్‌ను సమర్థుడిగా చూపే విద్య ఆ దేశంలో ఎప్పటినుంచో ఉన్నా, తొలినాళ్ల టీవీ కార్టూన్లు దాన్ని ఎందుకు వాడుకోలేకపోయాయన్నదే నా ప్రశ్న.

జవాబు వారం అనే కొలతలో ఉంది. 1972 డిసెంబరులో మొదలైన ‘మాజింగర్ జెడ్’లో డాక్టర్ హెల్‌కు తరగని యంత్రమృగాల సైన్యం ఉంది. అయినా వాటిని దాదాపు వారానికొకటి చొప్పున పంపి, వారానికొకటి చొప్పున పోగొట్టుకుంటాడు. రెండు మూడు కలిపి ఒకేసారి ఎందుకు పంపడని అడగని పిల్లవాడు ఉండడు. ఇది డాక్టర్ హెల్ బుద్ధిలోని లోపమని తేల్చేస్తే చరిత్ర అర్థం కాదు. అప్పట్లో ఇళ్లలో వీడియో రికార్డర్లు లేవు. ఒక వారం చూడని పిల్లవాడికి వచ్చే వారం కథ అర్థం కావాలంటే అరగంట చివర అన్నీ మొదటికి రావాల్సిందే. ఆ పైన కథకు డబ్బు పెట్టేవాళ్లలో బొమ్మల కంపెనీలు ముఖ్యం. 1974 నుంచి పోపీ సంస్థ అమ్మిన మాజింగర్ లోహపు బొమ్మ మార్కెట్‌ను ఊపేసింది. బొమ్మ కొనే పిల్లవాడికి గెలిచే రోబో కావాలి. దాని చేతిలో చిత్తయ్యేందుకు వారానికొక కొత్త ఆకారం కావాలి. విలన్ చేతగానితనం ఆ వ్యాపారానికి ఇంధనం. 1977 నాటి ‘యత్తర్‌మాన్’ ఆ సంగతిని దాచకుండా, ముగ్గురు దొంగల ముఠా ప్రతి వారం ఓడి శిక్ష అనుభవించడాన్నే వినోదంగా మలిచింది. ఆ ముగ్గురంటే నాకు ఎంతో ఇష్టం. వాళ్ల ఓటమిలో అబద్ధం లేదు.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. విలన్‌ను గొప్పవాణ్ని చేసేది అతని గతమూ బాధా కదా, సమర్థత గురించి ఇంత చర్చ దేనికి అంటారు. దీనికి 1977లోనే పరీక్ష జరిగింది. నగహమ తదావో దర్శకత్వంలో వచ్చిన ‘వోల్టెస్ ఫైవ్’లో రాకుమారుడు హైనెల్‌కు అందం, అభిమానం, పుట్టుకకు సంబంధించిన అవమానం అన్నీ ఉన్నాయి. నాయకుడు తన సవతి సోదరుడని చివర్లో తెలిసినప్పుడు కలిగే దుఃఖం నిజమైన దుఃఖం. పాత్రగా హైనెల్ డాక్టర్ హెల్ కంటే ఎన్నో మెట్లు పైనున్నాడు. సేనానిగా మాత్రం తేడా లేదు. అతను పంపిన యంత్రాలు కూడా ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోయాయి. జాలి పుట్టించడం, పని సాధించడం వేర్వేరు ఖాతాలు. ఒకదాంట్లో ఎంత జమ చేసినా రెండోదాని బాకీ తీరదు. ఈ రోజు కూడా విలన్‌కు ఒక ఏడుపు ఎపిసోడ్ తగిలించి లోతు వచ్చిందనుకునే దర్శకులున్నారు. హైనెల్ దగ్గర వాళ్లు నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

1979 ఏప్రిల్‌లో తొమినో యోషియుకి దర్శకత్వంలో ‘మొబైల్ సూట్ గన్డమ్’ మొదలైంది. దీనికీ వెనక బొమ్మల కంపెనీయే, దీనికీ అరగంటే. మారింది యుద్ధపు లెక్క. విలన్ షార్ అజ్నాబుల్ మొదటి ఎపిసోడ్‌లో యుద్ధమే చేయడు. శత్రువుల కొత్త ఆయుధం ఏమిటో చూసి రమ్మని మూడు జాకు యంత్రాలను పంపుతాడు. వాటిలో ఒకదాన్ని నడిపే సిపాయి పేరు కోసం ఆశపడి, ఆజ్ఞ మీరి దాడికి దిగుతాడు. రెండు యంత్రాలు పోతాయి. రెండో ఎపిసోడ్‌లో షార్ స్వయంగా శత్రువుల స్థావరంలోకి దిగి చూసి వస్తాడు. తర్వాత జాకులో వెళ్లి ఎదుర్కొంటే, తన తుపాకి గుళ్లు గన్డమ్ కవచాన్ని గీరను కూడా గీరలేకపోతున్నాయని, అయితే దాన్ని నడిపేవాడికి అనుభవం లేదని కనిపెడతాడు. అంతలో మిగిలిన ఒక్క జాకూ గన్డమ్ పేల్చిన ఒకే ఒక్క కిరణానికి బూడిదవుతుంది. షార్ వెంటనే వెనక్కి తగ్గుతాడు. మూడో ఎపిసోడ్‌లో అతను చేసే పని పైఅధికారిని అడిగి సరుకు తెప్పించుకోవడం. కొత్త యంత్రాలు ఓడనుంచి ఓడకు మారుతున్న ఆ అదనులోనే నాయకుడి పక్షం దాడి చేస్తుంది. పిల్లల టీవీలో విలన్‌కు మందుగుండు అయిపోవడం, దాన్ని తెప్పించుకోవడానికి సమయం పట్టడం ఎంత పెద్ద మార్పో ఒక్కసారి ఊహించండి.

గమనించాల్సిందేమిటంటే, బలం మొత్తం నాయకుడి పక్షానికి ఇచ్చేశారు. పిల్లవాడు అమురో చేతిలో అందరికంటే మెరుగైన యంత్రం, షార్ చేతిలో సైన్యమంతా వాడే నమూనాకే కొంచెం సాన పట్టిన యంత్రం. అందుకే అతని నైపుణ్యం విడిగా కనిపించింది. రాడార్లను పనికిరాకుండా చేసే మినోవ్‌స్కీ కణాలు ఇరుపక్షాలనూ ఒకేలా గుడ్డివాళ్లను చేస్తాయి. కంటితో చూసి పోరాడక తప్పదు. పదో ఎపిసోడ్‌లో షార్ తన పాత మిత్రుడు గార్మాను, తన తండ్రి చావుకు కారణమైన జాబీ వంశపు కొడుకును, తప్పుడు కబురుతో శత్రువు కాల్పుల్లోకి నడిపిస్తాడు. పథకం పారుతుంది. గార్మాను కాపాడలేకపోయాడని పదవి పోయి కొన్నాళ్లు కథలోంచే తప్పుకుంటాడు కూడా. ఎత్తు వేసినవాడే దాని ధర కట్టాడు. ఆ కార్యక్రమం ఆదరణ చాలక, అనుకున్న 52 ఎపిసోడ్లలో 43 దగ్గరే ఆగింది. పునఃప్రసారాలతో పాటు 1980లో బందాయ్ సంస్థ మొదలుపెట్టిన ప్లాస్టిక్ నమూనాలు దాన్ని బతికించాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు అక్కడే ఉంది. అంగట్లో గన్డమ్‌తో పాటు జాకు, అందులోనూ షార్ నడిపిన ఎర్ర జాకు అమ్ముడుపోయాయి. శత్రువు యంత్రం కూడా కొనదగిన సరుకయ్యాక, దాన్ని ప్రతి వారం చులకన చేయాల్సిన అవసరం వ్యాపారానికి లేకుండా పోయింది.

ఇదే కాలంలో ఆర్కేడ్‌లలో మరో దారి తెరుచుకుంది. 1978లో నిషికదో తొమొహిరో తయారుచేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో 55 ఆకారాలు వరసగా దిగుతాయి. వాటిని కాల్చే కొద్దీ, గీయాల్సినవి తగ్గి యంత్రానికి భారం తగ్గుతుంది కాబట్టి మిగిలినవి వేగం పుంజుకుంటాయి. చూసేవాడికి అది పగ పెరిగినట్టుంటుంది. నిజానికి అందులో బుద్ధి లేదు. 1980లో నమ్కో సంస్థలో ఇవతని తొరు బృందం చేసిన ‘పాక్-మాన్’లో బుద్ధి ఉంది. నాలుగు దయ్యాలకు నాలుగు స్వభావాలు. ఎర్రది ఆటగాడు ఉన్న గడినే గురిపెట్టి వెంటపడుతుంది. గులాబీది అతని ముందున్న నాలుగో గడిని చూసి దారి కాయాలని చూస్తుంది. నీలానిది ఎర్రది ఎక్కడుందో లెక్కలోకి తీసుకుని రెండో పక్కనుంచి మూస్తుంది. నారింజది దూరంగా ఉన్నప్పుడు తరుముకొచ్చి, ఎనిమిది గడుల లోపలికి రాగానే తన మూలకు మళ్లిపోతుంది. ఒక్కొక్కదాని నియమం ఒక వాక్యంలో అయిపోతుంది. నాలుగూ కలిస్తే ఎవరో పైనుంచి ముట్టడి నడిపిస్తున్నట్టే ఉంటుంది. మధ్యమధ్యలో అన్నీ మూలలకు వెళ్లి ఆటగాడికి ఊపిరి తీసుకునే సమయం ఇస్తాయి. పక్క సొరంగాల్లో వాటి వేగం తగ్గుతుంది, నడుస్తూ నడుస్తూ ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తిరగలేవు.

ఈ న్యాయబుద్ధి వెనక దయ కంటే నాణెం ఎక్కువగా పనిచేసింది. ఆర్కేడ్ యజమానికి ఆట కొద్ది నిమిషాల్లో ముగియాలి. ముగిశాక ఆటగాడు యంత్రాన్ని తిట్టకుండా తన తప్పు తెలుసుకుని ఇంకో నాణెం వేయాలి. తప్పు తనదని అతనికి తోచాలంటే దయ్యాలు అతనిలాగే గోడలకు కట్టుబడి ఉండాలి. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ ఈ నియమాన్ని అక్కడక్కడ తప్పింది. గైల్ పాత్రను మనిషి ఆడితే, సోనిక్ బూమ్ విసరాలంటే ముందు కాసేపు మీటను వెనక్కి పట్టి ఉంచాలి. అదే గైల్‌ను కంప్యూటరు ఆడిస్తే ఆ నిరీక్షణ లేకుండానే విసురుతుంది. అది గెలుస్తుంది, నిజమే. ఆ గెలుపులో సమర్థత లేదు. ఆడేవాళ్లు ఆ ఓటమిని తమ తప్పుగా ఒప్పుకోకపోవడమే దానికి సాక్ష్యం.

ఆటను దాచుకునే సౌకర్యం ఇంటి యంత్రాల్లోకి వచ్చాక, ఆర్కేడ్ చేయలేని పని ఒకటి సాధ్యమైంది. విలన్ చేసిన నష్టం మర్నాడు కూడా ఉంటుంది. 1994 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 6’లో విదూషకుడి వేషంలో తిరిగే కెఫ్కా ఆట నడుమనే లోకాన్ని కూల్చేస్తాడు. ఆటగాడు అన్ని గంటలు తిరిగి నేర్చుకున్న పటం చెల్లకుండా పోతుంది. మిగిలిన ఆట ఆ శిథిలాల్లోనే. 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 7’లో విలన్ సెఫిరోత్ నాయిక ఏరిత్‌ను చంపడం గురించి అందరూ రాస్తారు. నాకు దానికంటే ముందు వచ్చే ఒక చిన్న ఘట్టం ముఖ్యం. గతం చెప్పే భాగంలో సెఫిరోత్ ఆటగాడి జట్టులోనే ఉంటాడు. కథానాయకుడు క్లౌడ్ స్థాయి 1, సెఫిరోత్ స్థాయి 50. దారిలో డ్రాగన్ ఎదురై క్లౌడ్‌ను ఒక్క దెబ్బకు పడగొడితే, సెఫిరోత్ అతన్ని బతికించి, డ్రాగన్‌ను తేలిగ్గా ముగిస్తాడు. విలన్ గొప్పవాడని ఎవరో చెప్పగా వినడం వేరు, రోజూ చూసుకునే ఆ పట్టికలోనే అతని అంకెలను చదవడం వేరు.

కెఫ్కా దగ్గర అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. అతను పిచ్చివాడు, ఏ పథకమూ లేనివాడు, అతన్ని సమర్థుడంటే మాటకు అర్థం ఉండదంటారు. అతను చేసిన పనులు చూడండి. నిజాయితీ గల సేనాధిపతి లియో ముట్టడి వదిలి రాజధానికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు దోమా కోట నీళ్లలో విషం కలుపుతాడు. చక్రవర్తి మూడు దేవతా విగ్రహాలను బెదిరింపు సాధనాలుగా చూస్తే, వాటి మధ్య సమతూకమే లోకాన్ని నిలబెడుతోందని తెలిసి వాటిని కదిలిస్తాడు. కోరిక పిచ్చిది. చేతులు మాత్రం చేయాల్సిన పని చేయాల్సిన వేళకు చేశాయి. ప్రశాంతంగా మాట్లాడటాన్ని సమర్థతగా పొరబడితే ఇది కనబడదు. ‘బ్లీచ్’లోని ఐజెన్ విషయంలో ఈ పొరపాటు తలకిందులుగా జరిగింది. అతను చల్లగా ఉంటాడు, అంతా ముందే అనుకున్నానంటాడు, అభిమానులు తెలివైన విలన్ల జాబితాలో ముందు పెడతారు. ఎదుటివాళ్ల అయిదు ఇంద్రియాలనూ ఏమార్చే కత్తి చేతిలో ఉంటే, ఏ ఓటమినైనా తర్వాత భ్రమగా తేల్చేయవచ్చు. ఏం చూసి ఏం ఊహించాడో, ఎక్కడ తప్పే ప్రమాదం ఉండిందో పాఠకుడికి తెలియనప్పుడు ఆ తెలివిని తూచడానికి రాయే లేదు. తొలి ద్రోహం బయటపడే ఘట్టం అద్భుతమని ఒప్పుకుంటాను. ఆ తర్వాతది అధికారపు ప్రదర్శన.

తూకపురాయి ఎలా ఉండాలో 2003లో మొదలైన ‘డెత్ నోట్’ చూపించింది. పేరు రాస్తే మనిషి చచ్చే పుస్తకపు నియమాలన్నీ రాతపూర్వకంగా ముందే చదువరి చేతికిస్తుంది. ముఖమూ పేరూ తెలిస్తేనే ఆ పుస్తకం ఉన్న లైట్ చంపగలడు. డిటెక్టివ్ ఎల్ తన పేరుతో ఒక ఖైదీని టీవీలో కూర్చోబెట్టి, ప్రపంచమంతా ప్రసారమవుతోందని చెప్పించి, నిజానికి కాంతో ప్రాంతానికి మాత్రమే చూపిస్తాడు. లైట్ కోపంతో ఆ మనిషిని చంపుతాడు. ఆ ఒక్క చావుతో హంతకుడు ఏ ప్రాంతంలో ఉన్నాడో తేలిపోతుంది. ఇక్కడ విలనే కథానాయకుడు కదా, లెక్కలోకి రాడంటే నేను ఒప్పుకోను. విలన్ తప్పు చేసి, ఆ తప్పు ధర కడుతూనే ముందుకు సాగడం చూపించాలంటే, కథ అతని పక్కన నడవడం ఒక మంచి మార్గం. ఆటల్లో దీనికి వేరే ఉపాయం వెతికారు. 2005లో అమెరికాలో వచ్చిన ‘ఫియర్’ ఆటలో శత్రు సైనికులు చుట్టుముట్టే ముందు, చోటు మారే ముందు పెద్దగా అరిచి చెప్పుకుంటారు. ఆటగాడికి వినబడని వ్యూహం అతని దృష్టిలో లేనట్టే కాబట్టి, లోపల జరిగిన నిర్ణయాన్ని మాటల్లో పెట్టారు. దాంజో ప్రేక్షకుల మధ్యగా నడిచిందీ ఈ అవసరం కోసమే.

చివరికి ఎలాగూ ఓడతాడు కాబట్టి ఈ సమర్థతంతా నటనేనన్నది మిగిలిన ఆక్షేపణ, అన్నిటికంటే బలమైనది. ఓటమి ఎక్కడినుంచి వచ్చిందో చూడాలని నా జవాబు. షార్ మొదటి ధారావాహిక చివర జాబీ వంశంలో మిగిలిన కిసీలియాను చంపి తన పగ తీర్చుకుంటాడు. అతని పక్షం ఓడింది, అతను ఓడలేదు. ఇప్పటి తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన ఉదాహరణ రాక్షసుడు అకాజా. 2020 నాటి ‘డీమన్ స్లేయర్’ సినిమాలో అతను రాక్షసులను వేటాడే రెంగొకును ప్రాణాంతకంగా పొడిచి, ఎండ తగిలితే చస్తాడు కాబట్టి తెల్లవారుతుండగా పారిపోతాడు. ఆ పారిపోవడం పిరికితనమని కథలో నిందపడుతుంది. ఆ నిందలో బాధ ఉంది, న్యాయం ఉంది. అయినా సూర్యుడికి లొంగే ప్రాణి సూర్యుణ్ని లెక్కలో పెట్టుకోవడం తెలివే. 2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగుతో మన థియేటర్లకు వచ్చిన ‘ఇన్ఫినిటీ కాజిల్’లో అతను ఓడిపోయే తీరు ఇంకా బాగుంది. ఎదుటివాడి పోరాట తేజాన్ని పసిగట్టి దెబ్బ వేసే విద్య అతనిది. కథానాయకుడు తంజిరో ఆ తేజమే లేని స్థితికి చేరినప్పుడు ఆ విద్యకు పట్టు దొరకదు. విలన్ బలానికి ఆధారమైన నియమమే అతన్ని పడగొట్టింది. రచయిత జోక్యం చేసుకుని పడేయలేదు.

ఆటలు నియమాన్ని కావాలని దాటిన సందర్భాలు కూడా ఈ కొలతకు అందుతాయి. 1998 నాటి ‘మెటల్ గేర్ సాలిడ్’లో మనసులు చదివే విలన్ సైకో మాంటిస్ ఆటగాడి మెమరీ కార్డులోని కొనామి ఆటల పేర్లు చదివి వినిపిస్తాడు, ప్రతి దెబ్బనూ ముందే తప్పించుకుంటాడు. అయితే కంట్రోలర్‌ను రెండో పోర్టుకు మారిస్తే అతనికి మనసు చదవడం చేతకాదు. యంత్రం బయటికి చేయి చాచినవాణ్ని ఓడించే దారి కూడా యంత్రం బయటే పెట్టారు. 2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’లో మలేనియా అనే శత్రువు కొట్టిన ప్రతి దెబ్బకూ, డాలుతో అడ్డుకున్నా సరే, తన ప్రాణం కొంత నింపుకుంటుంది. అన్యాయమని గోల పెట్టినవాళ్లున్నారు. నాకు ఆమెలో మోసం కనబడదు. నియమం మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, ఓడించినవాడికి దక్కే రూన్‌లో కూడా కొట్టి ప్రాణం తిరిగి పొందే గుణమే ఉంది. అదే ఆటలో కొందరు శత్రువులు ఆటగాడు మందు సీసా తాగబోయిన క్షణంలోనే మీద పడటం మాత్రం వేరే సంగతి. తాగే మనిషిని చూసి దూకినట్టు కాకుండా, మీట నొక్కడాన్ని పట్టుకుని దూకినట్టు ఉంటుంది. గైల్ నాటి మోసం ఇంకా పోలేదనడానికి అదే రుజువు. మలేనియాను తయారుచేయగలిగినవాళ్లు దాన్ని వదిలించుకోలేరని నేను అనుకోను.